బాపు తిన్న బలం లేహ్యం

మా బాపు నలభై ఐదేళ్ల వయసులో బలం కోసం ఒక లేహ్యం తిన్నాడు. దాన్ని తెప్పించి ఇచ్చింది నేను. ఇన్నేళ్లలో ఈ సంగతి ఇద్దరు ముగ్గురికి మించి చెప్పలేదు. విన్నవాళ్లు "అప్పుడు నీకేం తెలుసు, చిన్నదానివి" అని ఓదార్చారు. నేను చిన్నదాన్నేం కాను. ఇరవై ఏళ్లదాన్ని, ఆసిఫాబాద్‌లో ప్రాథమిక పాఠశాల పంతులమ్మను. నాకు చదవడం వచ్చు. చదవడం వచ్చినందువల్లే ఆ పని చేశాను.

మా వాళ్లు సిరిసిల్ల దగ్గర నేత పని చేసినవాళ్లు. రజాకార్ల గొడవల్లో నూలు దొరక్క మగ్గం ఆగిపోయింది. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు బాపు అవ్వను, అంటే మా అమ్మను, నన్నూ వెంటబెట్టుకుని బెల్లంపల్లి వచ్చి బొగ్గు బాయిలో పనికి కుదిరాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. కింద సొరంగంలో పేల్చిన బొగ్గును పారతో ఎత్తి ఇనుప టబ్బుల్లో నింపడం ఆయన పని. మగ్గం గుంటలో కూర్చుని పెరిగిన మనిషి. మొదటి నెల అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే అవ్వే ముద్దలు చేసి నోట్లో పెట్టేది. ఏడాది తిరిగేసరికి భుజాలు, మెడ వేరే మనిషివి అయిపోయాయి. అప్పటినుంచి తన ఒంటిని చూసుకుని ఆయనకు చెప్పలేనంత మురిపెం. స్టేషన్ నుంచి బియ్యం బస్తా వీపు మీద వేసుకుని, మధ్యలో ఎక్కడా దించకుండా మా క్వార్టర్ దాకా తెచ్చేవాడు. తెచ్చి గుమ్మంలో దించాక, అటూ ఇటూ చూసేవాడు, ఎవరైనా చూశారా అని.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆయన తగ్గడం మొదలుపెట్టాడు. శనివారం బడి వదలగానే నేను బస్సెక్కి, రైలెక్కి ఇంటికి వచ్చేదాన్ని. వారానికొకసారి చూసేదాన్ని కాబట్టి ఆ తేడా అవ్వకంటే నాకే ముందు తెలిసింది. దవడలు లోపలికి పోయాయి. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. కుండలో నీళ్లు తాగి, చెంబు కిందపెట్టి, మళ్లీ అదే చెంబు ముంచేవాడు.

"ఏమైంది బాపూ, గింత సన్నవడ్డవు?"

"వయసు మీద వడ్తలేదా బిడ్డా. బాయిల ఉక్కపోత. చెమటలెక్క అంత కారిపోతది."

"దవాఖానకు పోరాదు?"

ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "దవాఖానకు పోతే డాక్టరు చూస్తడు. చూసి, గీయన పనికిరాడని రాస్తడు. గప్పుడు మీ అవ్వ, నేను యాడికి పోవాలె? మగ్గం కాడికి పోవాల్నా?"

ఆ భయం ఆయన ఒక్కడిదే కాదు. మా క్వార్టర్ల వరసలో నలభై దాటిన మగవాళ్లందరిదీ అదే. పొద్దున పంపు దగ్గర పళ్లు తోముకుంటూ వాళ్లు మాట్లాడుకునేదంతా బలం గురించే. ఒకాయన కోడిగుడ్డు పచ్చిదే కొట్టుకుని తాగేవాడు. ఇంకొకాయన ఆదివారం అంగడిలో గోండు ముసలమ్మ దగ్గర ఏదో గడ్డ కొని, ఎండబెట్టి దంచి, పాలల్లో కలుపుకునేవాడు. మహారాష్ట్ర చాందా నుంచి వచ్చిన పక్కింటాయన చేపనూనె గుటకేసి, ఆ వాసనకు మొహం అంతా ముడిచి, వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. బాపు జోడీ, అంటే ఆయనతో కలిసి ఒకే టబ్బు నింపే మనిషి, నేను కాకా అని పిలిచే ఆయన, వారం వారం మేక కాళ్ల షోర్వా కాయించుకుని తాగేవాడు. ఎవరిది వాళ్లకు గొప్ప. పాతికేళ్లవాళ్లు కొత్తగా పనికి వస్తున్నారు. వాళ్ల పక్కన వంగి పార ఎత్తాలి. ఎత్తలేకపోతే ఎవరూ ఏమీ అనరు, కానీ చూస్తారు. ఆ చూపుకు వీళ్లు భయపడేవాళ్లు.

ఒక ఆదివారం కాకా మా ఇంటికి వచ్చాడు. బాపు దగ్గర్లో లేడని చూసుకుని, అవ్వతో మెల్లగా అన్నాడు: "వదినే, మూడు నెల్ల సంది అన్న టబ్బు సగం నేనే నింపుతున్న. నాకేం కష్టం లేదు. గాని అన్న మోకాళ్ల మీద కూసుంటుండు. జర మంచిగ తినబెట్టు."

అవ్వ తలూపింది. ఆయన వెళ్లాక వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

మా బడికి ఒక వారపత్రిక వచ్చేది. హెడ్మాస్టరు గారు చదివాక మా చేతికి వచ్చేది. దాని చివరి అట్ట మీద ఆ లేహ్యం ప్రకటన ఉండేది. కండలు తిరిగిన ఒక నడివయసు మనిషి బొమ్మ. నలభై దాటిన పురుషులకు నీరసం, నరాల బలహీనత, నడుం నొప్పి పోతాయని, రక్తం పుడుతుందని, పోయిన సత్తువ తిరిగి వస్తుందని రాసి ఉంది. అచ్చులో ఉన్న మాట అబద్ధమై ఉంటుందని ఆ రోజుల్లో నాకు తోచలేదు. నేను పిల్లలకు నేర్పేదే అచ్చులో ఉన్న మాటలు. అందాక డబ్బు కట్టే వి.పి. పార్శిల్‌కు రాశాను, జీతంలోంచి కట్టొచ్చని.

పది రోజులకు డబ్బా వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఉసిరికాయ, నెయ్యి, ఏలకుల వాసన. ఒడిలో పెట్టుకుని రైల్లో తీసుకుపోయాను. లోపల మడిచిపెట్టిన కాగితాన్ని బాపు ముందు కూర్చుని పైకి చదివాను. ఉసిరి, పెన్నేరు గడ్డ, తేనె, పాత బెల్లం, ఇంకా పాతిక రకాల మూలికలు. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా, పటికబెల్లం కలిపిన పాలతో తినాలి. బాపు చేతులు కట్టుకుని పిల్లవాడిలా విన్నాడు.

"పెన్నేరు గడ్డ మంచిదే. మా నాయిన తింటుండె," అన్నాడు. చెంచా నాకి, కళ్లు మూసుకుని, "మస్తు తీపున్నది బిడ్డా," అన్నాడు.

మొదటి రెండు వారాలు ఆయన నిజంగానే బాగున్నట్టు కనిపించాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ బాగు లేహ్యంలోది కాదు. కూతురు తన జీతంతో మందు తెప్పించిందన్న సంతోషంలోది. పంపు దగ్గర అందరికీ చెప్పాడు. "మా బిడ్డ పట్నం మందు తెప్పిచ్చింది" అని. పట్నంది కాదని నేను చెప్పినా వినలేదు. నేను వచ్చిన శనివారాల్లో చేయి మడిచి, కండ చూపించి "చూడు" అనేవాడు. కండ ఉందని నేనూ అనేదాన్ని.

డబ్బా అయిపోయింది. ఇంకొకటి తెప్పించాను. ఈలోగా బాపు ఇంకా సన్నబడ్డాడు. మేం దాన్ని మరోలా అర్థం చేసుకున్నాం. బలం చాలడం లేదు కాబట్టి ఇంకా ఎక్కువ పెట్టాలి అనుకున్నాం. ఒక చెంచా రెండు చెంచాలైంది. అవ్వ పాలల్లో పటికబెల్లం రెండింతలు వేసింది.

పక్కింటి చాందా ఆయన భార్య ఒకరోజు అవ్వను గోడ దగ్గరికి పిలిచింది. ఆమె తెలుగు సగం మరాఠీ. "బాయీ, మీ పెరట్ల మీ మనిషి ఒంటికి కూసునే జాగల చీమలు పడుతున్నయ్. మా మామకు గట్లనే ఉండె. మంచిది కాదు," అన్నది.

అవ్వ ఆ మాట నాతో చెప్పింది. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. నేను పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. ఎర్ర పెన్సిల్ చేతిలోనే ఉంది. "లేహ్యం చుక్కలు పడి ఉంటయి అవ్వా, చెయ్యి కడుగుతడు కద అక్కడ," అన్నాను. అవ్వకు నా చదువు మీద నమ్మకం. "అయితే గంతేనా," అని ఊరుకుంది. నేను తల ఎత్తి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఎలా ఉండేదో తెలియదు. ఎత్తలేదు. దిద్దుకుంటూనే ఉన్నాను.

వానాకాలం మొదట్లో బాయిలో బొగ్గు పెళ్ల ఒకటి బాపు కుడికాలి వేళ్ల మీద పడింది. చిన్న దెబ్బే. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని పనికి పోయాడు. నెల దాటినా మానలేదు. వేలు నల్లబడి, వాసన వేయడం మొదలుపెట్టింది. అయినా దవాఖానకు పోనన్నాడు. "లేహ్యం లోపట పనిచేస్తది, పుండు అదే మానుతది," అన్నాడు. ఆ మాట కాగితంలో లేదు. ఆయనే పుట్టించుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున నేను లేచేసరికి బాపు గోడకు ఆనుకుని కూర్చుని వేగంగా ఊపిరి తీస్తున్నాడు. పరుగెత్తి వచ్చిన మనిషిలా. పిలిస్తే చూస్తున్నాడు కానీ నన్ను పోల్చుకోవడం లేదు. నోటి నుంచి మాగిన పండు లాంటి వాసన. అవ్వ కాకా ఇంటికి పరుగెత్తింది. కాకా, చాందా ఆయన ఇద్దరూ మంచంతో సహా బాపును ఎత్తుకుని కంపెనీ దవాఖానకు మోశారు. వెనక అవ్వ, ఆ వెనక నేను. ఎందుకో డబ్బా కూడా పట్టుకుని పోయాను.

డాక్టరు కోస్తా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదైనవాడు. బాపు మూత్రం తీయించి, గాజు గొట్టంలో నీలం రంగు నీళ్లలో కొన్ని చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద పట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను. నీలం ఆకుపచ్చ అయింది. పసుపు అయింది. చివరికి ఇటుక రంగుకు తిరిగింది.

"చక్కెర వ్యాధి అమ్మా. చాలా ముదిరింది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నారు?"

"ఏడాది దాటింది."

"ఏం పెడుతున్నారు?"

నేను డబ్బా చూపించాను. ఆయన మూత తీసి వాసన చూసి, పైన అంటించిన కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు తినకూడదన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆయన నన్ను కోప్పడతాడని నిలబడ్డాను. కోప్పడలేదు. "ఎన్ని తిన్నారు?" అని మాత్రం అడిగాడు.

"ఇది నాలుగోది," అన్నాను.

ఆయన మూత బిగించి డబ్బాను నా చేతికి కాకుండా బల్ల మీద పెట్టాడు. "వ్యాధి దీనివల్ల రాలేదు. ముందే ఉంది. కానీ మంట మీద నూనె పోసినట్టయింది," అన్నాడు. తర్వాత నర్సును పిలిచి సూదిమందు సిద్ధం చేయించాడు.

బాపు బతికాడు. మూడు రోజులకు నన్ను పోల్చుకున్నాడు. కాలికి రెండు వేళ్లు తీసేశారు. బాయిలో దిగే పనికి పనికిరాడని రాశారు, ఆయన భయపడినట్టే. అయితే మరీ బయటికి పంపలేదు. పైన, లోపలికి పోయేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. ఆ మందు గురించి డాక్టరు అన్న మాట నేను దవాఖానలోనే బాపుకు చెప్పేశాను. మంచం పక్కన కూర్చుని, తల దించుకుని.

ఆయన దుప్పటి కాలి మీదికి లాక్కున్నాడు. "నువ్వు పెట్టినవు, నేను తిన్న. మనిద్దరికీ ఎర్కలేదు. గా మాట ఇడిచిపెట్టు బిడ్డా," అన్నాడు.

నేను విడిచిపెట్టలేకపోయాను. విడిచిపెట్టి ఉంటే ఆయన చివరి ఏడాది ఇంకోలా ఉండేది.

డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని వంటింటి గోడకు అంటించాను. అన్నం లేదు, జొన్నరొట్టె. బెల్లం లేదు, చక్కెర లేదు, గడ్డలు లేవు, మామిడిపండు లేదు. ఇంట్లో ఉన్న బెల్లం అంతా పక్కింటికి ఇచ్చేయించాను. అవ్వను కూడా నా ఎదుట తీపి తిననివ్వలేదు. శనివారం రాగానే వారం రోజులదీ అడిగేదాన్ని. సోమవారం ఏం తిన్నవు, మంగళవారం ఏం తిన్నవు. బడిలో హాజరు తీసుకున్నట్టు. ఆయన చెప్పేవాడు. ఒక్కోసారి మర్చిపోతే అవ్వ వైపు చూసేవాడు. రోజూ పొద్దున పనికి పోయే ముందు దవాఖానలో సూది వేయించుకునేవాడు. అది నొప్పి అని ఎన్నడూ అనలేదు. నా ప్రశ్నలే ఆయనకు కష్టంగా ఉండేవని ఇప్పుడు తెలుస్తోంది.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు కూరగాయలకు పోయి వస్తుంటే, బాయి గేటు ఎదుటి చాయ్ హోటల్లో బెంచీ మీద బాపు కనిపించాడు. చేతిలో చాయ్ గ్లాసు. పక్కన సాసర్‌లో ఒక తీపి బిస్కెట్. చుట్టూ ఆయనతో పాత రోజుల్లో పనిచేసినవాళ్లు. ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. బాపు అంత నవ్వడం చాలా నెలల తర్వాత చూశాను. చూసి కూడా ఆగలేదు. సంచీతోనే లోపలికి పోయాను.

"చక్కెర ఏసిన చాయేనా అది?"

నవ్వులు ఆగిపోయాయి. బాపు లేచి నిలబడ్డాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"ఒక్కటే బిడ్డా."

"ఒక్కటైతే ఏంది? కాలు మొత్తం తీసేస్తె గప్పుడు తెలుస్తది. అవ్వ ఏం కావాలె? నీకు ఫికర్ లేదా?"

అంతమంది ముందు అన్నాను. గొంతు కూడా బడిలో వాడే గొంతే. ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టి, తువ్వాలతో మూతి తుడుచుకుని నా వెంట బయటికి వచ్చాడు. కుంటుతూ పక్కన నడిచాడు.  రైలు పట్టాలు దాటాక, నన్ను చూడకుండా అడిగాడు.

"బిడ్డా, నేను నీ ఇస్కూల్ల పోరన్నా?"

 తప్పు చేసింది ఆయన అయినట్టు మొహం పెట్టుకుని ముందు నడిచాను. ఇంటికి పోయాక జొన్నరొట్టె పెడితే తిన్నాడు. ఆ తర్వాత ఆ హోటల్‌కు ఆయన పోలేదని అవ్వ చెప్పింది. పని దిగగానే నేరుగా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చునేవాడట.

ఆ ఏడు దసరా దాటాక, దీపాల గదిలోనే, పనిచేస్తూ ఉండగా, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. దవాఖానకు చేర్చేలోపే పోయాడు. ఆసిఫాబాద్‌కు కబురు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నేను పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఇంటికి చేరేసరికి బాపుకు స్నానం చేయించి తెల్లగుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ కింద నుంచి కుడిపాదం కనిపిస్తోంది. మిగిలిన మూడు వేళ్లూ శుభ్రంగా ఉన్నాయి. నేను చెప్పినట్టే రోజూ కడుక్కుని, ఆరబెట్టుకుని, నూనె రాసుకున్నాడు. ఆ పాదం చూశాకే ఏడుపు వచ్చింది.

క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చి అవ్వను నాతో ఆసిఫాబాద్ తెచ్చుకున్నాను. అవ్వ నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. లేహ్యం గురించీ అనలేదు, చాయ్ గురించీ అనలేదు. అంటే బాగుండునని నేను ఎదురుచూసిన రోజులున్నాయి.

ఏడాది దాటాక ఒక ఆదివారం కాకా వచ్చాడు. అంత దూరం వస్తాడని అనుకోలేదు. ఆయన కూడా వడలిపోయాడు. మంచినీళ్లు తాగి, అవ్వ క్షేమం అడిగి, కాసేపు తువ్వాల అంచు మడుస్తూ కూర్చున్నాడు. తర్వాత సిగ్గుపడుతూ అడిగాడు.

"బిడ్డా, నలభై నాలుగు నిండినయి నాకు. ముందటి లెక్క పార లేస్తలేదు. మీ బాపుకు నువ్వొక డబ్బా తెప్పిచ్చినవు గద, గదాని పేరేంది?"

 "గది ఎందుకు కాకా?"

"అన్న చెప్పిండు. దీపాల రూంల కూసుండి ఎప్పుడు గదే మాట. మా బిడ్డ గా మందు పెట్టవట్టి గా యేడు ఎల్లదీసిన, లేకుంటె బాయిలనే కూలిపోదును, అనెటోడు. ఎవలు నీరసమన్నా, మా బిడ్డను అడుగున్రి అనెటోడు."

వంటింట్లో అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగడం నాకు వినిపించింది. డాక్టరు చెప్పింది బాపుకు తెలుసు. నేనే చెప్పాను. అయినా తన తోటివాళ్ల దగ్గర నన్ను అలా నిలబెట్టి పోయాడు. నేను ఆయన్ను అందరి ముందు లేపి నిలబెట్టిన తర్వాత కూడా.

కాకాకు మొత్తం చెప్పాను. డబ్బా, పటికబెల్లం, చీమలు, గాజు గొట్టంలో మారిన రంగు, అన్నీ.  అంతా విని, "అయ్యో," అన్నాడు. ఎవరి గురించి అన్నాడో తెలియదు.

ఆ రోజు ఆయన్ను పోనివ్వలేదు. మర్నాడు బడికి సెలవు పెట్టి సర్కారు దవాఖానకు తీసుకుపోయి పరీక్ష చేయించాను. నీలం నీళ్లు నీలంగానే ఉన్నాయి. ఆయనకు ఏ జబ్బూ లేదు. పదిహేనేళ్లు బొగ్గు ఎత్తిన మనిషి, అలసిపోయాడు, అంతే. మంచి తిండి తిని, వీలైతే తేలిక పని చూసుకోమని డాక్టరు చెప్పాడు. తేలిక పని మాట వినగానే కాకా నవ్వాడు.

మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేశాడు. అవ్వ అన్నం, పప్పు వడ్డించి, చివర్లో పాలల్లో చక్కెర కలిపి గ్లాసు నిండా ఆయన ముందు పెట్టింది. బాపు పోయాక కూడా నేను కొనని చక్కెర ఆ ఇంట్లో ఉన్నట్టే నాకు తెలియదు. కాకా నా వైపు చూశాడు, తాగవచ్చా అన్నట్టు.

"తాగు కాకా," అన్నాను. ఆయన తాగాడు. బస్సు దాకా పంపించి వచ్చాను. ఇంటికి వచ్చేసరికి అవ్వ గుమ్మంలో కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. పక్కన కూర్చున్నాను.